"బలీయసీ కేవలమీశ్వరేచ్ఛా" - ఈ శ్లోకంలో ఈశ్వరుడు ఎవరు?

అందరికీ నమస్కారం, తిరుపతి నుంచి రాస్తా ఉండాను. మా పాప కాలేజీలో రాయల మీద నాటకం వేస్తా ఉండారు, కళింగ రాజు గజపతి కూతుర్ని సంధి కోసం పెళ్ళి చేసుకోని తర్వాత దూరం పెట్టేసిన కథ. తుక్కాదేవి వేషం మా పాపదే. నిన్న రాత్రి అద్దం ముందర నిలబడి డైలాగులు చెప్పుకుంటా ఉంటే ఒక మాట కాడ నాకు ముల్లు గుచ్చుకున్నట్టయింది, అందుకే ఈ పోస్టు.

ఆ రాణి చెప్పిందని చాటువుగా వచ్చే ఐదు శ్లోకాల్ని తుక్కాపంచకం అంటారు కదా, అందులో ఎక్కువమందికి నోటికొచ్చింది ఇది:

చరన్ వనాంతే నవమంజరీషు
న షట్పదో గంధఫలీమజిఘ్రత్
సా కిం న రమ్యా స చ కిం న రంతా
బలీయసీ కేవలమీశ్వరేచ్ఛా

తోటలో కొత్త పూగుత్తులన్నీ తిరిగిన తుమ్మెద సంపంగిని మాత్రం వాసన చూడలేదు, అది అందమైంది కాదా, వాడు రసికుడు కాదా, ఇంతవరకు పేచీ లేదు. చివరి పాదానికి నాటకంలో "అంతా నా తలరాత" అని రాసినారు, పాప తల వంచుకోని ఏడుస్తా చెప్తా ఉంది. నాకు మనసొప్పలేదు. శ్లోకంలో తలరాత యాడుంది? ఉండేది ఈశ్వరేచ్ఛ, ఈశ్వరుడి ఇష్టం ఒక్కటే బలమైంది అని. ఈశ్వరుడంటే దేవుడే అని మనకిప్పుడు అలవాటైపోయింది గానీ పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో "స్వామీ త్వీశ్వరః పతిరీశితా" అని స్వామి, ఈశ్వరుడు, పతి పక్కపక్కనే ఉండారు, అన్నీ ప్రభువు అనే అర్థంలోనే. మరి రాజూ మొగుడూ ఒకడే అయిన ఇంట్లో, ఆ ఇల్లాలి నోట "ఈశ్వరేచ్ఛ" అని వస్తే వినేవాళ్ళకి రెండో అర్థం తగలకుండా ఉంటుందా? పైకి దేవుడి మీద పెట్టి లోపల రాయల్నే అడుగుతా ఉంది అని నాకనిపిస్తుంది. అది ఏడుపు కాదు, నిలదీయడం.

గంధఫలి కూడా చూడండి. అమరంలో సంపంగి గురించి చెప్పి వెంటనే "ఏతస్య కలికా గంధఫలీ" అంటాడు, అంటే దాని మొగ్గ. ఇంకా విచ్చుకోనే లేదు పాపం.

పెళ్ళి సంగతి అందరికీ తెలిసిందే, ఉదయగిరి, 1515లో కొండవీడు గెలిచి సింహాచలం దాకా పోయిన రాయలు ప్రతాపరుద్ర గజపతితో సంధి చేసుకోని కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేలంతా తిరిగిచ్చేసినాడు, గజపతి కూతుర్నిచ్చినాడు. ఆమె పేరే ఒకరు తుక్కాదేవి అంటారు, ఒకరు జగన్మోహిని, ఇంకొకరు అన్నపూర్ణ. కంభంలో ఒంటరిగా ఉండిపోయిందని, ఆ చెరువు ఆమే కట్టించిందని ఆ పక్క చెప్పుకుంటారు. మన కొండమీద మహాద్వారం దాటంగానే కుడిపక్క రాయల విగ్రహం ఉంటుందే, చేతులు జోడించుకోని, అటు తిరుమలదేవి ఇటు చిన్నాదేవి. లైన్లో తోస్తా ఉంటే ఒక్క క్షణం కనపడతారు. చిన్నప్పుడు మా అవ్వ చెయ్యి పట్టుకోని పోయేటప్పుడు ముగ్గుర్నీ చూసి దండం పెట్టేదాన్ని, నాలుగో ఆమె ఒకతి ఉండాల్సిందని తెలిసినాక ఇప్పుడు అక్కడికి పోతే నా కళ్ళు ఆ పక్కన ఖాళీ మీదికే పోతాయి.

ఇప్పుడు ఆ చివరి పాదానికి తెలుగులో ఏం పెట్టాలో చెప్పండి, రెండర్థాలూ నిలవాల.

జవాబు: అక్కా, గంధఫలి అనంగానే వసుచరిత్ర కావ్యంలో పద్యం గుర్తొచ్చింది. "నానాసూన వితాన వాసనల నానందించు సారంగమేలా నన్నొల్లదటంచు" అని, అంటే ఇన్ని పూల వాసనలు మెచ్చే తుమ్మెద నన్నెందుకు ఒల్లదని, గంధఫలి తపస్సు చేసి ఆడదాని ముక్కుగా పుట్టి, రెండుపక్కలా చూపులనే తుమ్మెదల్ని సంపాదించుకుంటుంది. రెండు పూలదీ ఒకటే బాధ, ఒకటి గెలిచింది. "ఒల్లదు" అనే మాట మీ నాటకంలో ఎక్కడన్నా పెట్టండి, ఒల్లకపోవడం అంటే ఇష్టం లేకపోవడం కంటే గట్టిది.

జవాబు: మేడమ్, మీ శ్లేష బాగుంది గానీ "కేవలం" చూడండి, ఈశ్వరేచ్ఛ ఒక్కటే బలమైంది అంటా ఉంది. దైవానికే కదా ఆ మాట నప్పేది?

నా జవాబు: దైవానికి నప్పుతుంది సార్, కాదనను. రాజుకీ నప్పుతుంది, ఆ కాలంలో ఇంకెవరి ఇష్టానికి బలముంది చెప్పండి? అందుకే రెండూ ఉండాలంటా ఉండాను.

జవాబు: చిత్తూరు నుంచి. "ఏలినవారి చిత్తం" అని పెట్టండమ్మా. ఏలినవాడంటే రాజు, దేవుణ్ణీ అట్లే పిలుస్తాం, ఇంక పెళ్ళాన్ని కాపురానికి తెచ్చుకోవడాన్ని మా పక్క ఏలుకోవడం అనే అంటారు.

నా జవాబు: అయ్యో, ఇంత దగ్గర్లో ఉన్న మాట నాకు తట్టనేలేదే! రాజు, దేవుడు, మొగుడు ముగ్గురూ వచ్చేసినారు. ఇప్పుడే పాపకి చెప్పినా. ఈసారి తల వంచలేదు, సింహాసనం ఉంటుందనుకున్న వైపు, అంటే మా ఫ్రిజ్ పక్కకి, నేరుగా చూసి "ఏలినవారి చిత్తం" అని నిదానంగా అనింది. రేపు రిహార్సల్లో సార్ ఒప్పుకుంటే ఇదే ఉంటుంది.