మోకాలి బయటి పక్క నొప్పి: ఫోమ్ రోలర్ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు?

ప్రశ్న:

ఈమధ్యే పరుగు మొదలుపెట్టాను. మొదటి రెండు మూడు కిలోమీటర్లు హాయిగా సాగుతుంది. ఆ తర్వాత కుడి మోకాలి బయటి పక్కన సూదితో పొడిచినట్టు నొప్పి మొదలై, ఆగేదాకా వదలదు. నడిస్తే సర్దుకుంటుంది, మెట్లు దిగేటప్పుడు మళ్లీ పలకరిస్తుంది. ఐటీ బ్యాండ్ (తొడ బయటి పక్కన ఉండే ఇలియోటిబియల్ బ్యాండ్ అనే పట్టీ) సమస్య అన్నారు. ఫోమ్ రోలర్ (కండరాల కింద పెట్టి దొర్లించే నురుగు దిమ్మ) కొని రోజూ తొడ బయటి పక్కన, తుంటి నుంచి మోకాలి దాకా దొర్లిస్తున్నాను. ప్రాణం పోతున్నట్టుంటోంది, తొడ అక్కడక్కడా కమిలిపోయింది కూడా. నొప్పి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఇంకా గట్టిగా చెయ్యాలా?

జవాబు (ఫిజియోథెరపీ వృత్తిలో ఉన్నవారు):

వద్దండి. కమిలేదాకా నొక్కితే అది వైద్యం కాదు, కొత్త దెబ్బ.

ఐటీ బ్యాండ్ కండరం కాదు. తుంటి ఎముక పై అంచు దగ్గర మొదలై, తొడ బయటి పక్కగా దిగి, మోకాలి కింది ఎముకకు అతుక్కునే మందపాటి పట్టీ. దారి పొడవునా తొడ ఎముకకు కూడా పొరలతో కట్టుబడి ఉంటుంది. రోలర్‌తో దాన్ని సాగదీయడమన్నది జరిగే పని కాదు. 2008లో వచ్చిన ఒక గణిత నమూనా ప్రకారం, తొడ మీది ఆ గట్టి పొరను ఒక్క శాతం నొక్కాలన్నా 900 కిలోలకు పైగా బరువు కావాలి. మనం ఒళ్లంతా రోలర్ మీద మోపినా ఆ దరిదాపులకు వెళ్లలేం.

మరి నొప్పి ఎక్కడిది? మోకాలు సుమారు 30 డిగ్రీలు వంగేసరికి ఆ పట్టీ మోకాలి బయటి వైపున్న ఎముక గుబ్బను బాగా ఒత్తుతుంది. పరుగులో అడుగు నేలను తాకిన కాసేపటికే మోకాలు ఆ వంపుకి వస్తుంది. 1975లో అమెరికా మెరైన్ సైనికుల్లో ఈ సమస్యను మొదట వివరంగా రాసినప్పుడు పట్టీ ఎముక మీద రాసుకోవడమే కారణమనుకున్నారు. శరీర నిర్మాణాన్ని మళ్లీ పరిశీలించి 2006లో మరికొందరు, అది రాసుకోవడం కాదు, పట్టీ కింద నరాలు దండిగా ఉన్న కొవ్వు పొర నలగడం అన్నారు. ఏది నిజమైనా మీకు పనికొచ్చే ముక్క ఒకటే: అక్కడ ఇప్పటికే ఏదో నలుగుతోంది. దాని మీదే రోలర్ పెట్టి ఇంకా నలపకండి.

అడిగినవారు:

అమ్మో, నేను చేస్తున్నది సరిగ్గా అదే. అంటే రోలర్ అటక మీద పెట్టెయ్యనా?

జవాబు (ఫిజియో):

అక్కర్లేదు, చోటు మార్చండి చాలు. ఆ పట్టీని పైనుంచి బిగించి పట్టుకునే కండరాలు రెండున్నాయి. ఒకటి తుంటి ముందు పక్కన ఉండే చిన్నది, పేరు టెన్సర్ ఫేషియా లాటా. రెండోది పిరుదు పెద్ద కండరం. రోలర్ వాటికి పెట్టాలి.

మొదటిదాన్ని దొరకబుచ్చుకోవడం తేలికే. నిలబడి, నడుము కింద ముందువైపు పొడుచుకొచ్చే ఎముక కొనను తడమండి. అక్కడి నుంచి వేళ్లను కాస్త కిందికి, బయటికి జరిపి, ఆ కాలి బొటనవేలు లోపలికి తిరిగేలా కాలు తిప్పండి. వేళ్ల కింద గట్టిపడి పైకి లేచేదే అది. ప్యాంటు పక్క జేబు పైకొస దగ్గరుంటుంది.

ఇప్పుడు బోర్లా పడుకుని, మోచేతుల మీద ఆనుకుని, రోలర్‌ను అడ్డంగా ఆ చోటి కింద పెట్టుకోండి. పూర్తిగా బోర్లా కాదు, నొప్పి ఉన్న వైపు కొంచెం ఒరగాలి. రెండో కాలు మోకాలి దగ్గర మడిచి పక్కకు చాపితే బరువులో సగం అది మోస్తుంది. రోలర్‌ను బారుగా దొర్లించక్కర్లేదు, రెండు మూడు అంగుళాల మేర మెల్లగా ముందుకీ వెనక్కీ కదలండి. బాగా సలిపే చోటు తగిలితే అక్కడే ఆగి, 20–30 సెకన్లు ఊపిరి వదులుతూ ఉండండి. నొప్పికి పదిలో ఐదు మార్కులు దాటనివ్వకండి. పళ్లు బిగిస్తున్నారన్నా, ఊపిరి బిగపట్టారన్నా బరువు ఎక్కువైందనే లెక్క.

పిరుదుకైతే రోలర్ మీద కూర్చుని, నొప్పి వైపు చీలమండను రెండో మోకాలి మీద వేసుకుని, అటు పక్కకు ఒరగండి. తుంటి పక్కన చేతికి తగిలే గట్టి ఎముక మీదకి మాత్రం పోనివ్వకండి, అక్కడ నొక్కితే ఇంకో కొత్త నొప్పి తెచ్చుకుంటారు. తొడ మీద కూడా చెయ్యాలనిపిస్తే సరిగ్గా పక్కన కాకుండా కాస్త ముందుకు జరిగి, తొడ ముందు కండరం మీద చేసుకోండి. మోకాలికి జానెడు పైనే ఆపెయ్యాలి. ఒక్కో చోటికి ఒకటి రెండు నిమిషాలు చాలు.

ఇంకొకరు (చాలాకాలంగా పరుగెత్తేవారు):

మీరన్నదంతా బాగానే ఉంది గానీ, నాకు రోలర్ చేసిన వెంటనే కాలు వదులైనట్టు స్పష్టంగా తెలుస్తుందండి. మరి అదంతా భ్రమేనా?

జవాబు (ఫిజియో):

భ్రమ కాదు. కొద్దిసేపు కీలు ఇంకాస్త ఎక్కువ కదులుతుంది, నొప్పి తగ్గినట్టుంటుంది. కాకపోతే అది పట్టీ సాగి వచ్చింది కాదు, ఆ ఒత్తిడికి నాడీ వ్యవస్థ కాసేపు సర్దుకోవడం వల్ల వచ్చింది. కొన్ని నిమిషాలు, మహా అయితే అరగంట నిలుస్తుంది. ఆ అరగంటను వ్యాయామానికి వాడుకోవాలి. రోలర్ చేసి సోఫాలో కూర్చుంటే రేపటికి మళ్లీ మొదటికే.

ఆ వ్యాయామం తుంటిని బలపరిచేది. 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో ఈ సమస్య ఉన్న 24 మంది రన్నర్లను చూస్తే, కాలిని పక్కకు ఎత్తే కండరాలు నొప్పి ఉన్న వైపు బలహీనంగా ఉన్నాయి. ఆరు వారాలు ఆ కండరాలకు పని చెప్పాక 22 మంది నొప్పి లేకుండా పరుగులోకి వచ్చారు. పోల్చడానికి వ్యాయామం చెయ్యని గుంపు లేదు కాబట్టి దాన్నే వేదంలా పట్టుకోను. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్లలో చూసేదీ దాదాపు అదే.

అడిగినవారు:

ఏం చెయ్యాలో ఒకటి రెండు చెప్పండి. పెద్ద లిస్టు ఇస్తే నేను చెయ్యను, నా సంగతి నాకు తెలుసు.

జవాబు (ఫిజియో):

సరే, రెండే చెప్తాను.

ఒకటి: గోడకు వీపు ఆనించి పక్కకు పడుకోండి, నొప్పి కాలు పైన. మడమను గోడకు ఆనించి, దాన్ని గోడ వెంబడే జారుస్తూ కాలు పైకెత్తి, మెల్లగా దించండి. మామూలుగా ఎత్తితే కాలు తెలియకుండానే ముందుకు వచ్చేస్తుంది, అప్పుడు పనంతా తుంటి ముందున్న ఆ చిన్న కండరమే చేసేస్తుంది. గోడ ఉంటే ఆ దొంగతనం కుదరదు, పిరుదు కండరమే పని చెయ్యాలి.

రెండు: మెట్టు అంచున నొప్పి కాలి మీద నిలబడండి, రెండో కాలు గాల్లో వేలాడాలి. నిలబడ్డ మోకాలు వంచకుండా, వేలాడే వైపు నడుమును కిందికి జారనిచ్చి మళ్లీ సమానంగా తీసుకురండి. చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది, పదోసారికి తుంటి పక్కన మంట పుడుతుంది. ఆ మంట మంచిదే, మోకాలి దగ్గర పోటు వస్తే మాత్రం ఆపాలి.

రెండూ మూడు విడతలు, విడతకు 10–15 సార్లు, రోజు విడిచి రోజు.

పరుగు పూర్తిగా మానక్కర్లేదు. నొప్పి మూడో కిలోమీటరులో వస్తుంటే రెండు దగ్గరే ఆపండి. నొప్పితో పరుగెత్తి “అదే తగ్గుతుందిలే” అనుకోవడం ఈ సమస్యలో అస్సలు కలిసిరాదు. కొన్నాళ్లు దిగుడు దారులు, ఒక పక్కకి వాలిన రోడ్డు అంచులు వదిలెయ్యండి. అడుగులు కాస్త చిన్నవి చేసి, నిమిషానికి వేసే అడుగుల సంఖ్య 5 నుంచి 10 శాతం పెంచండి. పాదాలు ఒకే గీత మీద పడుతున్నాయేమో కూడా చూసుకోండి. అలా పడితే పట్టీ మీద లాగుడు పెరుగుతుంది, కాళ్ల మధ్య కొంచెం ఎడం ఉండాలి.

మరొకరు (సైకిల్ తొక్కేవారు):

నేను పరుగెత్తను, కానీ దూరాలు తొక్కుతాను, నొప్పి మాత్రం అచ్చం ఇదే. నాకూ ఇవే పనిచేస్తాయా?

జవాబు (ఫిజియో):

చేస్తాయి, కానీ మీరు ముందు సీటు ఎత్తు చూసుకోవాలి. సీటు మరీ ఎత్తుగా ఉంటే పెడల్ అందుకోవడానికి నడుము అటూ ఇటూ ఊగుతుంది. పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు 25–35 డిగ్రీలు వంగి ఉండాలి. షూ కింద క్లీట్లు (షూను పెడల్‌కు పట్టి ఉంచే బిళ్లలు) వాడుతుంటే వేళ్లు లోపలికి తిరిగేలా బిగించారేమో చూడండి, అదీ పట్టీని లాగుతుంది.

ఇంకొకరు:

మా అమ్మగారికి మోకాలి పక్కన నొప్పి. రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నారు. రోలర్ ఆవిడకూ ఇవ్వొచ్చా?

జవాబు (ఫిజియో):

ఆవిడను చూసే డాక్టరుగారిని అడగకుండా వద్దండి. ఆ మాత్రలతో చిన్న ఒత్తిడికే లోపల రక్తం గడ్డకట్టినట్టు కమిలిపోవచ్చు. ఎముకలు బలహీనపడినవాళ్లు, కాలిలో రక్తపు గడ్డ ఉన్నవాళ్లు, ఉబ్బిన సిరలు ఉన్నవాళ్లు, స్పర్శ సరిగా తెలియనివాళ్లు కూడా సొంతంగా మొదలుపెట్టకూడదు. పైగా పెద్ద వయసులో మోకాలి పక్క నొప్పి అంటే అరుగుదల కూడా కావొచ్చు. ఎవరికైనా సరే మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినా, నిలబడితే జారిపోయినట్టున్నా అది ఐటీ బ్యాండ్ లక్షణం కాదు. ముందు చూపించుకోవాలి.

అడిగినవారు:

చివరగా ఒకటి. నా రోలర్ మీద ముళ్లలా బుడిపెలున్నాయి, రాయిలా గట్టిగా ఉంటుంది. మార్చాలా?

జవాబు (ఫిజియో):

తొడ కమిలిపోయిందంటే మీకది ఎక్కువే. నున్నగా, నొక్కితే కాస్త లోపలికి పోయేది సరిపోతుంది. కొనడం ఇష్టం లేకపోతే టెన్నిస్ బంతిని ఆ జేబు చోటుకీ గోడకీ మధ్య పెట్టుకుని నిలబడే చేసుకోండి. బరువు ఎంత మోపాలో మీ చేతిలో ఉంటుంది. కమిలిన మచ్చలు పూర్తిగా పోయాకే మొదలుపెట్టండి.