క్రేఫిష్: రొయ్యా, ఎండ్రికాయా?

ఇంగ్లండ్‌లో చదువుతున్న మా అక్క కొడుకు ఒక వాగు దగ్గర ఫోటో తీసి పంపాడు. "మామా, ఇది రొయ్యనా, ఎండ్రికాయనా?" అని అడిగాడు. అది క్రేఫిష్. మన వాగుల్లో సహజంగా ఉండదు కాబట్టి దానికి మన దగ్గర పేరు పుట్టలేదు.

"రొయ్యకు లేదా బారెడు మీసం" అంటారు కదా. ఆ మీసం, పొడుగు ఒళ్లు, తోక చూస్తే రొయ్యే. పట్టకారు లాంటి ముందరి కాళ్లు చూసి కొందరు ఎండ్రికాయ అంటారు. గోదావరి రొయ్యకూ పట్టకార్లు ఉంటాయి, కాకపోతే దానికి పెద్దవి రెండో జత కాళ్లకు, దీనికి మొదటి జతకు. చివర్లో 'ఫిష్' ఉందని చేప అనుకోవద్దు. పాత ఫ్రెంచి మాట ఇంగ్లీషువాళ్ల నోట్లో నలిగి అలా అయింది. నేను 'వాగు రొయ్య' అంటాను. మీరేమంటారు?

ములుగు నుంచి: వాగు రొయ్య అంటే మాకు మా వాగులో దొరికే చిన్న రొయ్యలే గుర్తొస్తాయన్నా. క్రేఫిష్ అనే ఉంచండి, రకాలకు మాత్రం తెలుగు పేర్లు పెట్టండి.

హన్మకొండ నుంచి: ఇంగ్లండ్ సొంత రకాన్ని వాళ్లు 'తెల్ల పట్టకార్లది' అంటారు. ఆ పేరు నమ్మి పైనుంచి చూస్తే పొరపాటు పడతాం. పైన గోధుమ రంగే, తెలుపు పట్టకారు అడుగున. అమెరికా నుంచి తెచ్చిన సిగ్నల్ క్రేఫిష్‌కు అడుగు ఎరుపు. ఎరుపొక్కటే చాలదు, యూరప్‌లో ఇంకో రకానికీ అడుగు ఎరుపే. పట్టకారు వేళ్లు కలిసే కీలు దగ్గర తెల్లటి, లేదా లేత నీలి మచ్చ ఉందేమో చూడాలి. మెడ గాడి వెనక చిన్న ముళ్లుంటే సొంత రకం, నున్నగా ఉంటే సిగ్నల్.

ములుగు మాట ఒప్పుకుంటున్నాను, క్రేఫిష్ అనే ఉంచుదాం. ఆ మచ్చ రైల్వే సిగ్నల్ జెండాలా ఉంటుందనే దానికి సిగ్నల్ అని పేరట. కాజీపేట పక్కన పెరిగినవాళ్లం, 'జెండా క్రేఫిష్' అంటే మనకు వెంటనే తెలుస్తుంది. రెండోదాన్ని 'తెల్లడుగు క్రేఫిష్' అంటాను. 'తెల్లకాళ్ల' అంటే పిల్లలు తెల్లటి కాళ్ల కోసం వెతుకుతారు.

ఇప్పుడే ఫోటో పెద్దది చేసి చూశాను. కీలు దగ్గర తెల్ల మచ్చ ఉంది, మెడ వెనక నున్నగా ఉంది. మావాడికి జెండా క్రేఫిష్ అని రాసి పంపుతున్నాను.