స్నోడ్రాప్స్‌కి ఆకులే గానీ పూలు లేవు

ప్రశ్న: చెట్టు కింద స్నోడ్రాప్స్ (తెల్లటి చిన్న పూలు పూసే దుంప మొక్కలు) గుత్తులు బాగా ఒత్తుగా అల్లుకున్నాయి, చలికాలం చివర్లో ఆకులైతే వస్తున్నాయి కానీ పూలు ఏటా తగ్గిపోతున్నాయి. ఎరువు వేయమంటారా?

జవాబు: ముందు గుత్తిని విడదీయండి. దుంపలు మరీ ఇరుకైపోతే పూత పడిపోతుంది. పూలు వాడగానే, ఆకులు పచ్చగా ఉన్నప్పుడే వేళ్లతో సహా తవ్వి, రెండు మూడు దుంపల చొప్పున వెంటనే నాటేయండి, ఆరనివ్వొద్దు. కాడలో తెల్లగా ఉన్న భాగమంతా మళ్లీ మట్టిలోకే వెళ్లాలి, లోతుకి అదే గుర్తు.

జవాబు: ఆకుల్ని వాటంతటవి పసుపుబారి ఎండేదాకా కోయకండి, ప్లీజ్! వచ్చే ఏటి పువ్వుకి బలం వాటినుంచే దుంపలోకి దిగుతుంది.

జవాబు: వేసవిలో ఆ నేల బొత్తిగా ఎండిపోకుండా ఆకు ఎరువు పరచండి. తవ్వేటప్పుడు పిల్లలు జాగ్రత్త, చిన్న ఉల్లిపాయల్లా కనిపించే ఆ దుంపలు విషం.