ఈతని ‘అడవి ఖర్జూరం’ అనొచ్చా?

మా పాప బొమ్మల పుస్తకంలో ఈతచెట్టు కింద ‘అడవి ఖర్జూరం’ అని వేశారు. చూడగానే ప్రాణం ఉసూరుమంది. పొలం గట్ల మీదా చెరువు కట్టల మీదా ఎవరూ నాటకుండానే లేచే చెట్టు, దానికి మన పేరు ఉండనే ఉంది, మళ్ళీ ఎడారి చెట్టు పేరు అరువు తెచ్చి ముందు ‘అడవి’ తగిలించడం ఎందుకండీ? శాస్త్రనామంలో ‘సిల్వెస్ట్రిస్’ అంటే అడవిది అని అర్థం, దాన్నే మక్కీకి మక్కీ దించినట్టున్నారు.

రెండూ దగ్గరి చుట్టాలే, కాదనను. కానీ ఈతపండు తిన్నవాళ్ళకి తేడా తెలుసు: గింజ మీద గోరంత కండ, సరిగ్గా పండకపోతే వగరుకి నాలుక మొద్దుబారుతుంది. ఖర్జూరాన్ని పండు కోసం పెంచితే, ఈతని మనవాళ్ళు కల్లుకీ, చాపలకీ, బుట్టలకీ, చీపుర్లకీ వాడుకున్నారు.

మాట సంగతి ఇంకా బాగుంటుంది. ఈత తమిళంలో ఈచ్చమరం, పాత మాట ఈందు, కన్నడంలో ఈచలు. ఖర్జూరాన్ని తమిళులు ‘పేరీచ్చై’ అన్నారు, అంటే పెద్ద ఈత! ఇంటి చెట్టుతో పోల్చి బయటి పండుకి పేరు పెట్టుకున్నారు. మనం సంస్కృతం నుంచి ఖర్జూరం తెచ్చుకున్నాం, అది ఎప్పుడో మన మాటైపోయింది, సంతోషమే. దానితో ఈతని కొలవడమే తలకిందుల పని.

నీళ్ళలో ఈతకీ దీనికీ సంబంధం ఉందా అని చాలామంది అడుగుతారు. లేదు. తమిళంలో ఈదడం ‘నీందు’, చెట్టు ‘ఈందు’. తెలుగులో రెండూ ఒకే రూపానికి వచ్చాయి. ‘ఈతకు మించిన లోతు లేదు’లో ఉన్నది నీళ్ళ ఈత, ‘ఈతాకు ఇస్తే తాటాకు ఇవ్వనా’లో ఉన్నది చెట్టు.

జవాబు: అక్కా, మా మిర్యాలగూడ దిక్కు ఈదులు అనే అంటం, ఊళ్ళో ఈదులగూడ అని పేటే ఉంది. నేను మస్కట్‌లో తోట పనిలో ఉన్న. ఇక్కడ మగచెట్టు పూత తెచ్చి ఆడచెట్టు గెలల్లో చేత్తోనే పెడతం, లేకుంటే కాపు సరిగ్గ రాదు. అరబ్బీలో కాయ గట్టిగ ఉన్నప్పుడు ఖలాల్, మెత్తబడితే రుతబ్, ఎండితే తమర్. మన చింతపండు వీళ్ళకు ‘తమర్ హిందీ’, అంటే హిందుస్తాన్ ఖర్జూరం!

జవాబు: తమ్ముడూ, ఎంత మంచి మాట చెప్పావు! ఇంగ్లీషు ‘టామరిండ్’ కూడా అక్కడి నుంచి వచ్చిందే. ఈదు అనే రూపం మీ ఊళ్ళో ఇంకా బతికుండటం చాలా సంతోషం. మట్టకీ, ముల్లుకీ, కల్లు గీతకీ మీ దిక్కున ఏమేం మాటలున్నాయో తీరిక చూసుకుని రాయి, ఒక్కటి కూడా వదలకు. పుస్తకం వేసినవాళ్ళకి ఉత్తరం రాశాను. ఈలోపు పాప ఆ అచ్చుమాట కొట్టేసి, పక్కన పెన్సిల్‌తో ‘ఈతచెట్టు’ అని రాసుకుంది.