సిమ్లిపాల్ నల్ల పులి: అడవి ఎంచుకున్న రంగా, అదృష్టం కొద్దీ మిగిలిన రంగా?

వేళచ్చేరి ప్రసాద్: మన చెన్నై వండలూరు జూలో పుట్టిన నల్ల పులుల వంశం ఒడిశాలోని సిమ్లిపాల్ అడవిదే. చారలు వెడల్పై కలిసిపోవడంతో అవి నల్లగా కనిపిస్తాయి. 2021 నాటి లెక్కలో సిమ్లిపాల్ పులుల్లో దాదాపు 37 శాతం ఇలాంటివేనట. దట్టమైన అడవిలో ముదురు రంగు దాక్కోవడానికి పనికొచ్చింది, అందుకే పెరిగిందని నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

తాంబరం సుజాత: కాదంటాను ప్రసాద్ గారూ. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో ఉమా రామకృష్ణన్ బృందం 2021లో దీని గుట్టు విప్పింది. టాక్‌పెప్ అనే జన్యువులో ఒక్క అక్షరం మారింది. తల్లి కాపీ, తండ్రి కాపీ రెండూ మారినవైతేనే పులి నల్లబడుతుంది. మరే అడవి పులుల్లోనూ ఆ మార్పు వాళ్లకు కనిపించలేదు. సిమ్లిపాల్ పులులేమో కొద్దిపాటివి, బయటి సంబంధాలు లేవు, మేనరికాలే గతి. అలాంటి చోట ఏ లాభమూ లేని మార్పు కూడా పెరిగిపోగలదు. దాన్నే జెనెటిక్ డ్రిఫ్ట్ అంటారు.

ప్రసాద్: మరి మలయా ద్వీపకల్పంలో చిరుతలు దాదాపు అన్నీ నల్లవే. అక్కడా అదృష్టమేనా?

అన్నానగర్ మూర్తి: చిరుతని ఇందులోకి లాగకండి సార్. దాని నలుపు వేరే జన్యువు పని. ఒళ్లంతా నల్లబడినా మచ్చలు ఉన్నచోటే ఉంటాయి, ఎండ పడితే కనిపిస్తాయి. పులిలో మారింది గీత. పిల్లి పిండాలు చూస్తే, వెంట్రుక కుదుళ్లు ఏర్పడకముందే ఎక్కడ ముదురు, ఎక్కడ లేత అన్న హద్దు చర్మంలో పడిపోతోంది. ఒక రసాయనం పురిగొల్పుతూ, ఇంకోటి అణచివేస్తూ వ్యాపిస్తే ఇలాంటి నమూనాలు వస్తాయని గణిత శాస్త్రవేత్త ట్యూరింగ్ 1952లోనే లెక్కగట్టాడు. టాక్‌పెప్ దెబ్బతింటే ఆ హద్దులు చెదురుతాయి. ఆఫ్రికా కింగ్ చీతా పట్టీలు, ఇంటి పిల్లి ఒంటి మీది సుడులు ఈ జన్యువు చలవే. వీధి పిల్లికి ఏ దట్టమైన అడవి?

ప్రసాద్: గీత ఎలా పడుతుందో చెప్పారు, ఎందుకు నిలిచిందో చెప్పలేదు. డ్రిఫ్ట్ సరిపోతుందన్నంత మాత్రాన ఎంపిక లేదని రుజువైనట్టు కాదు.

సుజాత: నిజమే. కానీ నల్ల పులికి ఎక్కువ పిల్లలు బతుకుతున్నాయని చూపాల్సింది మీరు. 2024 చివర్లో మహారాష్ట్రలోని తడోబా అడవి నుంచి జమున, జీనత్ అనే ఆడపులుల్ని సిమ్లిపాల్ తెచ్చారు (జీనత్ బెంగాల్ దాకా పోయి అందరికీ టెన్షన్ పెట్టిందనుకోండి). ఆ మార్పు లేని ఆడపులులకు పుట్టే మొదటి తరంలో ఒక్కటీ నల్లగా ఉండదు. తర్వాతి తరాల్లో నల్లవాటి వాటా మామూలు వారసత్వం లెక్కను మించి ఎగబాకితే మీ మాటకు బలం.

మూర్తి: అప్పటిదాకా నా ఓటు డ్రిఫ్ట్‌కే.