జింకల వేటకు ఏ దేశపు రైఫిల్ మంచిది?

డాలస్ కొత్తవేటగాడు:
నవంబరులో ఆఫీసు మిత్రులతో టెక్సస్‌లోని లానో వైపు తెల్లతోక జింకల వేటకు వెళ్తున్నాను. .308 తూటాకు మొదటి రైఫిల్ కొనాలి. ఫిన్లాండ్ టిక్కా టీ3ఎక్స్, అమెరికా వించెస్టర్ మోడల్ 70, బ్రౌనింగ్ ఎక్స్‌బోల్ట్ చూశాను. జర్మనీ బ్లేజర్ ఆర్8 కూడా చూపించారు కానీ ధర వినగానే తిరిగి ఇచ్చేశాను. ఇక్కడ ఉంటూ అమెరికా రైఫిల్ కొనడమే సబబా?

ఎడమచేతి వెంకట్రావు:
ఏది అమెరికా రైఫిలో ముందు తేల్చుకోండి! మోడల్ 70ని ఇప్పుడు పోర్చుగల్‌లో కూరుస్తున్నారు. బ్రౌనింగ్ అమెరికా పేరే, కానీ యజమాని బెల్జియం సంస్థ, ఎక్స్‌బోల్ట్ తయారయ్యేది జపాన్‌లోని మిరోకు కర్మాగారంలో. టిక్కాను ఫిన్లాండ్‌లో సాకో చేస్తుంది, ఆ సాకో ఇటలీ బెరెట్టా వారిది. దేశాభిమానంతో రైఫిల్ కొనే రోజులు పోయాయి.

చేతిలోకి తీసుకుంటే తేడాలు తెలుస్తాయి. మోడల్ 70 బోల్ట్ (తూటాను లోపలికి తోసి గొట్టాన్ని మూసే కడ్డీ) పక్కన పొడవాటి పంజా లాంటి కొక్కెం ఉంటుంది. అది 1898 నాటి జర్మన్ మౌజర్ ఆలోచన. తూటా మ్యాగజైన్ (తూటాలు పెట్టే డబ్బా) దాటుతూనే ఆ కొక్కెం దాన్ని పట్టుకుంటుంది, హడావుడిలోనూ జారనివ్వదు. మీదికి దూకే జంతువు ఎదుట అది ధైర్యమే కానీ, మేత దగ్గర నిలబడ్డ జింకకు అంత హంగు అక్కరలేదు. ఎక్స్‌బోల్ట్‌లో బోల్ట్ పిడిని 60 డిగ్రీలు ఎత్తితే చాలు, స్కోప్ (గురి చూసే దుర్భిణి) కింద వేళ్లకు చోటు మిగులుతుంది. అయితే తక్కువ కోణంలోనే తూటాను పేల్చే సూది స్ప్రింగును బిగించాలి కాబట్టి ఎత్తడం కాస్త బిగువుగా ఉంటుంది. టిక్కాది 70 డిగ్రీలు, బోల్ట్ మాత్రం నూనె రాసినట్టు జారుతుంది. నాది అదే, ఎడమచేతి బోల్ట్‌తో దొరికింది. ప్లాస్టిక్ మ్యాగజైన్‌కు వాళ్లు అడిగే ధర చూస్తే ఒళ్లు మండుతుంది. పైగా రైఫిల్ తేలిక, .308 వెనక్కి తన్నడం భుజానికి బాగానే తెలుస్తుంది.

నా ఓటు టిక్కాకే. మిగిలిన డబ్బు మంచి స్కోప్‌కు, సాధనలో కాల్చే తూటాలకు పెట్టండి.

హ్యూస్టన్ పద్మజ:
రైఫిల్ కంటే ముందు వీసా సంగతి చూసుకోండి. హెచ్1బీ వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారి దగ్గర తుపాకీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. అలాగే 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరవాత గానీ పుట్టినవారు టెక్సస్‌లో వేట శిక్షణ పూర్తి చేయాలి.

రాజమండ్రి శాస్త్రి:
మా తాతగారికి ఇషాపూర్ .315 రైఫిల్ ఉండేది, పాత బ్రిటిష్ సైనిక రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్ బాణీది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అది బీరువాలోనే ఉండిపోయింది. దాని బోల్ట్ ఎత్తడం మాత్రం చాలా సులువు, వెంకట్రావుగారూ. ఎందుకంటారు?

ఎడమచేతి వెంకట్రావు:
లీ-ఎన్‌ఫీల్డ్‌లో స్ప్రింగు బిగిసేది బోల్ట్ మూసేటప్పుడు శాస్త్రిగారూ, ఎత్తేటప్పుడు కాదు. అందుకే పైకి ఎత్తడం తేలిక, ముందుకు తోయడం బరువు.

డాలస్ కొత్తవేటగాడు:
పద్మజగారూ, నాకు గ్రీన్‌కార్డు ఉంది, శిక్షణకు ఈరోజే పేరు ఇస్తాను. వెంకట్రావుగారూ, శనివారం టిక్కానూ ఎక్స్‌బోల్ట్‌నూ భుజానికి ఆనించి చూసి, ఏది కొన్నానో ఇక్కడే రాస్తాను.