అప్‌డేట్: అలబామాలో స్నేహితురాలి తల్లిదండ్రుల ఇంట ఆతిథ్యం

అట్లాంటా నుంచి న్యూ ఆర్లీన్స్‌కు కారులో వెళ్తూ దారిలో మోంట్‌గమరీలో స్నేహితురాలి తల్లిదండ్రుల ఇంట దిగబోతున్నామని, శాకాహారులమైన మేము వారికి ఇబ్బంది కలగకుండా ఎలా మెలగాలని నేను లోగడ అడిగాను. ఆహార నియమాలను ముందే చెప్పమన్న మీ సలహా ఎంతో మేలు చేసింది.

అక్కడ కొలార్డ్ ఆకుకూరను సాధారణంగా పొగబెట్టిన పంది మాంసంతో కలిపి చాలాసేపు ఉడికిస్తారు. ఆ తల్లిగారు మాత్రం మా కోసం వేరే గిన్నెలో ఉల్లిపాయ, వెల్లుల్లి, ఎండుమిరపతో వండి, గరిటెలు కూడా కలవకుండా విడిగా పెట్టారు. మొక్కజొన్న పిండి అద్ది వేయించిన బెండకాయ ముక్కలు, అలసందలు, ఇనుప మూకుడులో కాల్చిన కార్న్‌బ్రెడ్, గాజు కూజా నిండా తియ్యటి చల్లని టీ బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి. చాలన్నకొద్దీ కొసరి వడ్డించడంలో ఆవిడ అచ్చం మా పెద్దమ్మే.

భోజనానికి ముందు అందరం చేతులు పట్టుకున్నప్పుడు, మా ప్రయాణం క్షేమంగా సాగాలని ఆ పెద్దాయన పేరుపేరునా ప్రార్థించడం మమ్మల్ని కదిలించింది. మేము తీసుకెళ్లిన పూతరేకులను వారు ఎంతో ఇష్టంగా తిన్నారు. మరునాడు ఐ-65 హైవే మీదుగా మొబైల్ నగరం వైపు బయలుదేరుతుంటే పీకన్ గింజలతో చేసే తీపి వంటకం ‘పీకన్ పై’ని కట్టి ఇచ్చారు.

మీరు సూచించినట్లే, ఇల్లు చేరగానే కృతజ్ఞతలు చేతిరాతతో రాసి పోస్టు చేశాను.